నూనె కనిపించని తీరం: కొచ్చి నుంచి విళింజం దాకా

డిసెంబర్ 3, ఫోర్ట్ కొచ్చి

శబరిమల సీజన్‌లో కేరళ రైలెక్కితే సగం బోగీ మన తెలుగువాళ్లే ఉంటారు. పక్క బెర్తులో ఉన్న గురుస్వామి మా బాబాయిని చూసి "మాల వెయ్యలేదు, ఎక్కడిదాకా స్వామీ?" అని అడిగారు. "మునిగిన ఓడ చూడ్డానికి" అన్నారు బాబాయి. నీళ్ల మీద కనిపిస్తుందా అని ఆయన మళ్లీ అడిగితే, కనిపించదని బాబాయి చాలా సీరియస్‌గా చెప్పారు. ఎర్నాకుళంలో దిగేదాకా ఆ స్వాములు మమ్మల్ని కాస్త జాలిగానే చూశారు.

బాబాయి రిటైరయ్యేదాకా సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేశారు. ఇప్పుడు కాకినాడలో ఉంటారు. 2025 మే 24న విళింజం నుంచి కొచ్చికి వస్తున్న ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే లైబీరియా జెండా ఓడ ఒక పక్కకు ఒరిగిపోయిందని టీవీలో చూసిన రోజు నుంచి ఈ తీరం చూడాలని ఆయనకు ఒకటే పట్టు. కొచ్చికి 38 నాటికల్ మైళ్ల దూరంలో ఆ ఓడ 26 డిగ్రీలు ఒరిగి, మర్నాడు పొద్దున మునిగిపోయింది. లోపలున్న 24 మందీ బతికి బయటపడ్డారు. 21 మందిని కోస్ట్ గార్డ్, ముగ్గురిని నౌకాదళ ఓడ ఐఎన్ఎస్ సుజాత కాపాడాయి. మునిగినప్పుడు ఓడలో సుమారు 640 కంటెయినర్లు, ట్యాంకుల్లో 367.1 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84.44 టన్నుల డీజిల్ ఉన్నాయి.

హైకోర్టు జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి వాటర్ మెట్రో టికెట్ నలభై రూపాయలు. ఏసీ, శుభ్రమైన సీట్లు, బ్యాటరీతో నడిచే పడవ. బాబాయి ఎక్కగానే అరికాలు నేలకి ఆనించి, చెవి రిక్కించి కాసేపు కూర్చున్నారు. "అదురు లేదు అమ్మలూ! ఇంజిన్ రూమే లేకపోతే నా ఉద్యోగం ఏమయ్యేది?" అని నవ్వారు. పక్కనే కూర్చున్న కాలేజీ అమ్మాయిలు ఆయన నేలని తడమడం చూసి, ఏదో పడిపోయిందనుకుని వెతకడం మొదలుపెట్టారు.

ఫోర్ట్ కొచ్చిలో అందరూ చీనా వలల దగ్గర ఫొటోలు దిగుతారు. మేమూ దిగాం. తాడు లాగుతావా అని పిలిచి, లాగాక టిప్ అడగడం అక్కడి పద్ధతి. వంద ఇచ్చాం. వలలో చేపల కన్నా గుర్రపుడెక్క ఎక్కువ పడింది. మాకు ఇంకా నచ్చిన చోటు ఆ పక్కనే ఉన్న నడకదారి. ఓడరేవులోకి వెళ్లే దారి అక్కడ చాలా ఇరుకు. పెద్ద పెద్ద కంటెయినర్ ఓడలు మన ముందు నుంచే, డెక్ మీద మనుషులు కనిపించేంత దగ్గరగా పోతాయి. అక్కడే బల్ల మీద కూర్చుని బాబాయి నాకు ఓడల ఇంధనం గురించి చెప్పారు.

ముడిచమురులోంచి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ తీసేశాక అడుగున మిగిలే మడ్డే ఫర్నేస్ ఆయిల్. చల్లగా ఉంటే కదలదు. ట్యాంకులోనే వేడిచెయ్యాలి, ప్యూరిఫయర్‌లో తిప్పి నీరు, మట్టి తీసెయ్యాలి, ఇంజిన్‌లోకి కొట్టేముందు నూరు డిగ్రీలు దాటించాలి. అంత అవస్థ ఎందుకంటే అది చవక. 2020 జనవరి 1 దాకా అందులో 3.5 శాతం గంధకం ఉన్నా చెల్లేది. ఆ రోజు నుంచి అంతర్జాతీయ సముద్ర సంస్థ దాన్ని 0.5 శాతానికి దించింది. అయితే పొగగొట్టంలో స్క్రబ్బర్ బిగించుకున్న ఓడలు పాత మడ్డినే కాల్చుకోవచ్చు. స్క్రబ్బర్ అంటే పొగని సముద్రపు నీటితో కడిగే యంత్రం. "మరి ఆ కడిగిన నీళ్లు?" అని అడిగాను. బాబాయి చూపుడువేలితో కింద ఉన్న నీళ్లని చూపించారు. కొన్ని రేవులు దీన్ని నిషేధించాయట. చాలా చోట్ల నడుస్తూనే ఉంది.

రాత్రి భోజనం వలల దగ్గర కొన్న చేపతోనే. అక్కడ చేప ఒకచోట కొని, పక్క హోటల్లో వండించుకుంటారు. చేపకు ఒక ధర, వంటకు ఇంకో ధర. బేరం ఆడకపోతే టూరిస్టు ధర పడుతుంది. బాబాయి మలయాళం షిప్‌మేట్ల దగ్గర నేర్చుకున్నది, అందులో తిట్లే ఎక్కువ. అయినా మూడొందలు తగ్గించారు.

డిసెంబర్ 4, వైకం

ఇది దారిలో పడే ఊరేమీ కాదు. సోలార్ పడవ కోసం వెళ్లాం. వైకం నుంచి తవణక్కడవుకి వేంబనాడ్ కాయల్ (తీరం పక్కన ఉండే సరస్సుని ఇక్కడ కాయల్ అంటారు) మీదుగా 2017 జనవరి నుంచి ఆదిత్య అనే సోలార్ ఫెర్రీ నడుస్తోంది. దేశంలో అదే మొదటిది. 75 మంది పడతారు, దాటడానికి పావుగంట. పైకప్పంతా పలకలు. చూడ్డానికి ప్రత్యేకం ఏమీ ఉండదు, అదే దాని గొప్ప. స్కూలు పిల్లలు, చేపల బుట్టతో ఒకావిడ, సైకిలుతో ఒక ముసలాయన, అందరూ రోజూ బస్సెక్కినట్టు ఎక్కారు. డీజిల్ వాసన లేదు. పక్కనుంచి పాత డీజిల్ పడవ ఒకటి పోయినప్పుడు దాని వెనక నీటి మీద ఇంద్రధనస్సు రంగుల పొర సాగింది. బాబాయి దాన్ని చాలాసేపు చూశారు.

అప్పుడు చెప్పారు, ఓడ మునిగితేనే సముద్రంలో నూనె పడుతుందనుకోకూడదని. ఇంజిన్ రూమ్ అడుగున చేరే నూనెనీళ్లని వేరుచేసి, పది లక్షల పాళ్లలో 15 పాళ్ల కన్నా తక్కువ నూనె ఉంటేనే బయటికి వదలాలని మార్పోల్ (ఓడల కాలుష్యం మీద అంతర్జాతీయ ఒప్పందం) నియమం. మిగిలిన స్లడ్జ్ రేవులో డబ్బు కట్టి అప్పజెప్పాలి. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి కొన్ని ఓడల్లో యంత్రాన్ని దాటించి ఒక దొంగ గొట్టం వేస్తారు. ఇంజిన్ రూమ్ వాళ్లు దాన్ని మేజిక్ పైప్ అంటారు. ఒక ఓడలో ఆయన చేరిన కొత్తలో రాత్రిపూట ఆ గొట్టం బిగించమని పై ఆఫీసరు చెప్పాడట. "నువ్వేం చేశావ్ బాబాయ్?" అంటే, "కడుపునొప్పి వచ్చింది" అన్నారు. తర్వాత ఆ ఓడలో ఆయనకి కాంట్రాక్టు రెన్యూ కాలేదు.

వైకంలో అష్టమి ఉత్సవాలు నడుస్తున్నాయి. గుడి చుట్టూ దుకాణాలు, ఏనుగులు, చెండమేళం. స్థానిక సంస్థల ఎన్నికలు 9న అని వీధి వీధికీ పోస్టర్లు, ఆటోల మీద మైకులు. దేవుడి మేళం ఆగితే ఎన్నికల మైకు, అది ఆగితే ఇది. టీ దుకాణంలో పళంపొరి తిన్నాం. పండు అరటికాయని మైదాలో ముంచి వేయించేదే అయినా, మన అరటికాయ బజ్జీకి దీనికి పోలిక లేదు. నేను రెండోది అడిగేసరికి అయిపోయాయి.

డిసెంబర్ 5, తోట్టప్పళ్ళి

మునిగిన ఓడకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఊరు ఇదే. ఇక్కడి తీరానికి 14.6 నాటికల్ మైళ్ల దూరంలో అది అడుగున పడి ఉంది. అంటే సుమారు 27 కిలోమీటర్లు. కుట్టనాడ్ వరద నీటిని సముద్రంలోకి వదిలే గేట్ల వంతెన మీద నిలబడి చూస్తే నీళ్లు, ఆకాశం, అంతే. బాబాయి అయినా అటే చూస్తూ నిలబడ్డారు. నాకు ఆకలి వేస్తోంది.

అలెప్పీ నుంచి ఇక్కడికి రావడానికే పొద్దంతా సరిపోయింది. ఎన్‌హెచ్-66 వెడల్పు పనుల వల్ల ఎక్కడికక్కడ మళ్లింపులు. మా ఆటో డ్రైవరు అడ్డదారి అని ఒక కాలువగట్టు మీదికి ఎక్కించాడు. అది పోనుపోను సన్నబడి ఒక ఇంటి పెరట్లో ముగిసింది. పెరట్లో కొబ్బరి పీచు దులుపుతున్న ముసలావిడకు ఇది కొత్త కాదు. "మీరు మూడోవాళ్లు ఇవాళ" అని, ఆటోని వెనక్కి తిప్పడానికి కోళ్ల గూడు జరిపింది. కొబ్బరినీళ్లు తాగమంది. డబ్బులిస్తే తీసుకోలేదు. డ్రైవరు మాత్రం ఆ అడ్డదారికీ కలిపి ఆరొందలు తీసుకున్నాడు.

హార్బర్లో వలలు బాగుచేసుకుంటున్న నలుగురైదుగురు దొరికారు. బాబాయి ఓడల మనిషి అనగానే ముందు మొహాలు బిగుసుకున్నాయి. మేలో మునిగింది ఓడే కదా! ఇంజిన్ రూమ్ అని, ఆయన మేనేజరు కాదు మెకానిక్ అని తెలిశాక ఒక పెద్దాయన పక్కకి జరిగి చోటిచ్చాడు.

వాళ్లు చెప్పిందాన్ని బట్టి నేను అనుకున్నది తారుమారైంది. నల్లటి నూనె ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంటుందని, ఫొటోల్లో చూసే పక్షుల్లాంటివి ఉంటాయని మనసులో ఉంది. ఈ ఒడ్డుకి అలాంటి నూనె రాలేదు. కోస్ట్ గార్డ్ డోర్నియర్ విమానాలు, సక్షమ్ ఓడ దాని మీద మందు చల్లాయి. మందు నూనెని మాయం చెయ్యదు, సన్నటి బొట్లుగా విడగొట్టి నీటిలో కిందికి కలిపేస్తుంది. ఒడ్డు బాగుపడుతుంది, ఆ భారం పై నీళ్లలో తేలే చేప గుడ్లు, చేపపిల్లల మీద పడుతుంది. చల్లకపోతే ఏమవుతుందో కూడా బాబాయి చెప్పారు. ఫర్నేస్ ఆయిల్ అలల్లో నీళ్లు కలుపుకుని మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, అప్పుడు ఏ పంపూ దాన్ని లాగలేదు. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకునేది ఈ మనుషులు కాదు.

"నూనె రాలేదు, పేరొచ్చింది" అన్నాడు పెద్దాయన. ఓడ మునిగిన వారం నుంచి కేరళ చేప తినొచ్చా వద్దా అని వాట్సాప్‌లో మెసేజులు. మునిగిన చోటు చుట్టూ 20 నాటికల్ మైళ్లు వేటకు వెళ్లొద్దన్నారు. తర్వాత జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై 31 దాకా ఏటా ఉండే ట్రాలింగ్ నిషేధం. చిన్న పడవలకి ఆ నిషేధం వర్తించదు, నిజానికి వాళ్లకి అదే పంటకాలం. వానల్లో ఈ తీరాన బురదనీళ్లు చేరి సముద్రం ఒకచోట అలల్లేకుండా నిలిచిపోతుంది. దాన్ని చాకర అంటారు. రొయ్యలు, కవ్వలు అక్కడికి చేరతాయి. పురక్కాడ్, తోట్టప్పళ్ళి చాకరకి పేరున్న ఊళ్లు. సరిగ్గా ఆ కాలం ముందు ఓడ మునిగింది. చేప పడినా కొనేవాడు వెనకాడాడు.

ప్రభుత్వం నాలుగు జిల్లాల్లో ఒక్కో మత్స్యకార కుటుంబానికి వెయ్యి రూపాయలు, ఆరు కిలోల బియ్యం ఇచ్చింది. అందిందా అని అడిగాను. అందింది. ఆ వెయ్యి ఎన్ని రోజులు వచ్చిందంటే, ఒక కుర్రాడు తన పడవ మోటారు వైపు చూపించాడు. అది కిరోసిన్‌తో నడుస్తుంది. ఒక్కసారి వేటకెళ్లొస్తే అంతకన్నా ఎక్కువే తాగుతుంది. "మాదీ పొగే, మాదీ నూనే" అని తనే నవ్వాడు. బాబాయి ఆ మోటారు మూత తీయించి చూసి, ప్లగ్గు మార్చమని చెప్పి, చేతులు ఇసకతో రుద్దుకున్నారు. అప్పటినుంచి వాళ్లకి ఆయన "చేట్టన్", అంటే అన్న.

భోజనం కల్లు షాపులో. కేరళలో చాలా కల్లు షాపుల్లో ఫ్యామిలీ గదులుంటాయి, ఆడవాళ్లు వెళ్లినా ఎవరూ వింతగా చూడరు. ఉడికించిన కర్రపెండలం, కుడంపుళి వేసిన ఎర్రటి కవ్వల పులుసు, ఇద్దరికీ కలిపి మూడొందల ఇరవై. ఆ పులుపు నాలుక పక్కల పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. వడ్డించిన ఆవిడ నేను ముల్లు తీస్తున్న తీరు చూసి, మీరూ సముద్రం పక్కవాళ్లేనా అని అడిగింది.

సాయంత్రం, ఆలప్పాడ్

ఆరాట్టుపుళ దాటి వలియళీక్కల్ వంతెన మీదుగా కొల్లం జిల్లాలోకి వచ్చాం. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కాయల్, మధ్యలో రోడ్డు, ఇళ్లు. 2004 సునామీలో ఆలప్పాడ్ చాలా మందిని పోగొట్టుకుంది. ఒడ్డున ఇసక నల్లగా, మెరుస్తూ ఉంటుంది. జూన్‌లో వచ్చిన టూరిస్టులందరూ దీన్నే ఓడ నూనె అని వీడియోలు తీశారని టీ దుకాణం ఆయన విసుక్కున్నాడు. అది ఇల్మెనైట్ అనే ఖనిజం, ఎప్పటినుంచో ఉన్నదే. దాని కోసం జరిగే తవ్వకం మీద ఈ ఊరికి వేరే గొడవ ఉంది. టీ పన్నెండు రూపాయలు, గొడవ వినడం ఉచితం. చీకటి పడేదాకా విన్నాం.

డిసెంబర్ 6, కొల్లం

మే 25 రాత్రి దాటాక మొదటి కంటెయినర్లు చేరింది ఇక్కడికి దగ్గర్లోనే, చెరియళీక్కల్ ఒడ్డుకి. తర్వాత నీండకర, శక్తికుళంగర వైపు ఇంకా కొన్ని. ముట్టుకోవద్దు, 200 మీటర్ల దూరం ఉండండి అని మైకుల్లో చెప్పారు. కొన్ని కంటెయినర్లలో కాల్షియం కార్బైడ్ ఉంది. నీళ్లు తగిలితే అసిటిలిన్ వాయువు పుడుతుంది, అది మండుతుంది. గాలి, కెరటం చూసి ఏది ఎటు కొట్టుకుపోతుందో లెక్కగట్టింది మన హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం. ఆ గేటు ముందు నుంచి నేను లెక్కలేనన్ని సార్లు వెళ్లాను, లోపల ఏం చేస్తారో నీండకర హార్బర్లో తెలిసింది.

నీండకర పొద్దున్నే చూడాలి. ఐసు దంచే మోత, వేలంపాటవాళ్ల కేకలు, తడి సిమెంటు మీద జారుతూ పరిగెత్తే బుట్టలు. అడ్డం నిలబడితే తిడతారు, పక్కకి తప్పుకుంటే మళ్లీ నవ్వుతారు. వేలంలో ధర గొంతెత్తి చెప్పే మనిషి, కొనేవాడు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చూపంతా చేప మీదే. కానగంతలు ఆ రోజు చవక. నాకేమో వండుకునే చోటు లేదు.

ఇక్కడి ట్రాలర్ల వాళ్ల బాధ వేరు. వల అడుగున ఈడుస్తారు కాబట్టి, మునిగిన కంటెయినర్ల ముక్కలకి తగులుకుని చిరుగుతుంది. ఒక్కోసారి వలంతా పోతుంది. ఒకాయన బోటులోంచి వంకరపోయిన ఇనప రేకు తీసి చూపించాడు, వలతో పాటు పైకి వచ్చిందట. ఎల్సా సంగతి తేలకముందే జూన్ 9న వాన్ హై 503 అనే ఇంకో కంటెయినర్ ఓడ ఉత్తర కేరళ తీరానికి దూరంగా తగలబడింది. 22 మందిలో 18 మంది బయటపడ్డారు, నలుగురు దొరకలేదు. దాని ట్యాంకుల్లో ఉన్న ఇంధనం సుమారు 2,000 టన్నులు. దాన్ని తీరానికి దూరంగా లాక్కెళ్లడానికి రోజుల తరబడి అవస్థ పడ్డారు.

ఈ రెండూ చమురు తెచ్చే ట్యాంకర్లు కావు. ఇది ఆ రోజు మధ్యాహ్నం ఊణు తింటూ నాకు బాగా ఎక్కింది. చమురు ప్రమాదం అంటే ట్యాంకరే గుర్తొస్తుంది. జీడిపప్పు, కలప, దూది మోసే ఓడ కూడా తన కడుపులో తన ఇంధనం మోస్తుంది. 2020లో మారిషస్‌లో దిబ్బెక్కిన వకాషియో ఖాళీగా వెళ్తున్న సరుకు ఓడ. అందులోంచి కారింది దాని సొంత ఇంధనమే, సుమారు 1,000 టన్నులు. అదీ ఆ ఏడాదే అమల్లోకి వచ్చిన తక్కువ గంధకం రకం. గంధకం తగ్గితే ఒడ్డున ఉన్నవాళ్ల ఊపిరితిత్తులకి నిజంగానే మేలు. పగడాల మీద, మడ అడవి మీద పడ్డప్పుడు మాత్రం అదీ నూనే.

ఊణు అంటే లావు ఎర్రబియ్యం అన్నం, సాంబారు, తోరన్, అప్పడం, చేప పులుసు. తొంభై రూపాయలు. చేప వేపుడు అదనం. తాగడానికి గులాబీ రంగు వేడినీళ్లు. అన్నం అయిపోకముందే వెనకనుంచి వచ్చి ఇంకో గరిటె పోసేస్తారు. చెయ్యి అడ్డం పెట్టే వేగం మనకుండాలి.

కొల్లం జీడిపప్పుకి మన పలాస లాంటి ఊరు. బజార్లో జీడిపప్పు కొంటుంటే దుకాణదారు ఇంకో సంగతి ఎత్తాడు. ఎల్సాలో జీడిగింజలు పోగొట్టుకున్న ఒక వ్యాపార సంస్థ హైకోర్టుకి వెళ్తే, ఎల్సాని నడిపిన ఎంఎస్‌సీ కంపెనీదే అయిన మానసా ఎఫ్ అనే ఓడని జూన్‌లో విళింజంలో ఆపేశారు. ఓడని అరెస్టు చెయ్యడం అంటే నిజంగానే కోర్టు కాగితం తీసుకెళ్లి అప్పజెప్పడం, కదలకుండా నిలపడం. 2017 నాటి చట్టం ప్రకారం హైకోర్టుకి ఆ అధికారం ఉంది. తర్వాత కేరళ ప్రభుత్వమే 9,531 కోట్లకి దావా వేస్తే, జూలైలో అకిటెటా 2 అనే ఓడని కూడా అలాగే నిలిపేశారు. సెప్టెంబర్‌లో కోర్టు 1,227.62 కోట్ల పూచీ కట్టమంది.

ఆ 9,531 కోట్లని విడగొట్టి చూస్తే పర్యావరణ నష్టం 8,626.12 కోట్లు, శుభ్రం చెయ్యడానికి 378.48 కోట్లు, మత్స్యకారుల ఆదాయ నష్టం 526.51 కోట్లు. నేను ఫోన్లో లెక్క చూపిస్తే బాబాయి అన్నారు, "సముద్రానికి ఇంత అని రేటు కట్టారే, గొప్పే. చేప మీద భయానికి ఎంత కట్టారో?" దుకాణదారు ఆ మాట పట్టుకుని ఇంకో అరగంట మాట్లాడాడు. కిలోకి ఇరవై రూపాయలు మాత్రం తగ్గించలేదు.

డిసెంబర్ 7, కొచ్చువేళి, విళింజం

కొచ్చువేళి స్టేషన్ పేరు ఇప్పుడు తిరువనంతపురం నార్త్. ఆటోవాళ్లకి మాత్రం కొచ్చువేళే. బీచి చిన్నది, పర్యాటకులు తక్కువ. ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని వెతికితే దొరికాయి: సగ్గుబియ్యం లాంటి తెల్లటి ప్లాస్టిక్ గుళికలు. ఆరు నెలలయ్యాక కూడా కెరటం తెచ్చిన చెత్త గీతలో అక్కడక్కడా ఉన్నాయి. వీటిని నర్డిల్స్ అంటారు. బకెట్లు, కుర్చీలు, గొట్టాలు, ఏది చెయ్యాలన్నా ముందు ప్లాస్టిక్ ఈ రూపంలోనే ఓడలెక్కి తిరుగుతుంది. ఎల్సా కంటెయినర్లు పగిలి ఇవి తిరువనంతపురం తీరమంతా చల్లినట్టు పడ్డాయి. జూన్‌లో జల్లెడలతో, చేటలతో జనం ఏరారు. ఇసకని జల్లించాలి, అందులో బతికే చిన్న పీతలు చావకూడదు, గాలి వీస్తే ఏరిందంతా మళ్లీ ఎగిరిపోతుంది.

ఒక చర్చి మేడం, ఆవిడ వెనక ఆదివారం బట్టల్లో పిల్లలు, మేమేం ఏరుతున్నామో చూసి తామూ కూర్చున్నారు. పిల్లలకి ఇది తెలిసిన ఆటే. ఒకడు పావుగంటలో గుప్పెడు ఏరి నా చేతిలో పోశాడు. వాటిని ఎక్కడ పారెయ్యాలో మాకు తెలియలేదు. చెత్తబుట్టలో వేస్తే మళ్లీ కాలవే, కాలవ నుంచి సముద్రమే. నా వాటర్ బాటిల్లో పోసి మూత బిగించి హైదరాబాద్ తెచ్చాను.

2021లో కొలంబో దగ్గర తగలబడిన ఎక్స్‌ప్రెస్ పర్ల్ ఓడ నుంచి ఇవే గుళికలు సుమారు 1,680 టన్నులు పడ్డాయి. 2025 జూలైలో శ్రీలంక సుప్రీంకోర్టు వంద కోట్ల డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. నాలుగేళ్లు పట్టింది.

విళింజంలో పాత చేపల రేవు, పెద్ద మసీదు, చర్చి, వాటి వెనక ఆకాశంలోకి లేచిన కొత్త రేవు క్రేన్లు ఒకే చూపులో కనిపిస్తాయి. ఈ రేవుని ప్రధాని 2025 మే 2న ప్రారంభించారు. ఎల్సా మునిగింది మూడు వారాలకి. ఇక్కడ తీరం పక్కనే సహజంగా 18 మీటర్ల పైన లోతు ఉంది. అంతర్జాతీయ ఓడల దారి పది నాటికల్ మైళ్ల దూరంలోనే ఉంది. అందుకే ప్రపంచంలోని అతిపెద్ద ఓడలు వస్తున్నాయి. ఇంతకాలం ఆ ఓడలు కొలంబో వైపు పోయేవి. దేశానికి లాభమే. ఒడ్డు కోసుకుపోతోందని 2022లో మత్స్యకారులు నెలల తరబడి ధర్నా చేసిందీ ఇక్కడే.

కోవళం లైట్‌హౌస్ ఎక్కి చూస్తే లంగరేసిన ఓడల పొగగొట్టాలు వరుసగా కనిపించాయి. బాబాయి ఒక్కొక్క దాన్నీ చూసి, ఇది స్క్రబ్బర్ ఉన్నది, గొట్టం లావు చూడు, ఇది లేనిది అని చెప్పుకుంటూ పోయారు. లెక్క ప్రకారం ప్రపంచం వదిలే, భూమిని వేడెక్కించే వాయువుల్లో ఓడల వాటా మూడు శాతం దగ్గర్లో ఉంది. 2050 ప్రాంతానికి దాన్ని సున్నా చెయ్యాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. కానీ మడ్డి ఇంధనం మీద ఖర్చు వేసే నియమాల్ని ఆమోదించడానికి 2025 అక్టోబర్‌లో లండన్‌లో కూర్చుని, 57 ఓట్లతో ఏడాది వాయిదా వేశాయి. వ్యతిరేకించినవి 49. రేపటి ఇంధనాలు కూడా వట్టి మంచివేం కావని బాబాయి మాట. ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) వాడితే ఇంజిన్‌లో కాలకుండా మీథేన్ తప్పించుకుంటుంది, అదీ భూమిని వేడెక్కించేదే. మెథనాల్ ఒలికితే నీళ్లలో కలిసిపోతుంది, ఒడ్డుకి పూత పట్టదు. అమ్మోనియా ఒలికితే నల్లమరక ఉండదు, చుట్టుపక్కల చేప ఉండదు. "ఏది కాల్చాలో చెప్పేవాళ్లు, ఒలికితే ఎవరు ఎత్తుతారో కూడా చెప్పాలి" అన్నారు. లైట్‌హౌస్ కాపలాదారు టైమైంది దిగండి అన్నాడు.

ఆదివారం కాబట్టి క్రైస్తవ మత్స్యకారులు వేటకెళ్లరు, రేవులో పడవలన్నీ ఒడ్డునే. పేకాడుతున్న ఒక గుంపులో ఒకతను మాకు తన ఫోన్ చూపించాడు. మ్యాపులో ఎర్ర గుర్తులు. వల తగులుకున్న చోటల్లా జీపీఎస్‌లో పాయింటు పెట్టుకున్నాడు, పక్క పడవలవాళ్లూ తమవి పంపారు. ఇప్పుడు ఆ గుర్తుల్ని తప్పించి వలేస్తారు, అంటే అంతమేర సముద్రం వాళ్లకి లేనట్టే. బాబాయి అడిగినవి తిన్నగా పనికొచ్చే ప్రశ్నలు. తేదీలున్నాయా, వల బిల్లు ఉందా, చిరిగిన వల ఫొటో తీశారా, పడవ రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంది? సగానికి ఉన్నాయి, సగానికి లేవు. ఎన్నికల కరపత్రం వెనక ఒక పట్టిక గీసి ఇచ్చారు: తేదీ, పాయింటు, లోతు, ఏం తగిలింది, వల ధర. వాళ్లలో పదో తరగతి చదివే అబ్బాయి దాన్ని అప్పుడే మలయాళంలోకి రాసుకున్నాడు. ఐదో గడి అయ్యేసరికి, వల ధరలో ఆ రోజు పోయిన చేప కలపాలా వద్దా అని వాదన మొదలైంది. మేం బస్సుకి లేచేటప్పటికి ఇంకా తెగలేదు.